ముందు నుయ్యి – వెనుక గొయ్యి

ముందు నుయ్యి, వెనుక గొయ్యి యను సామెత తెలుగువారి కందరకును తెలిసినదే. ఎటు పోయినను అపాయమే యని దాని భావము. అయితే పల్లెటూరిలో ఇల్లు కట్టుకొను గృహస్థునకు ఇది సామెత కాదు, ఇంటి పటము. ముందు వాకిట నుయ్యి యుండవలెను. వెనుక పెరటిలో మరుగుదొడ్డి గొయ్యి యుండవలెను. రెండును కావలసినవే. అపాయము నూతిలో లేదు, గోతిలో లేదు. ఆ రెంటి నడుమ నున్న నేలలో నున్నది. ఆ నేల యెంత యుండవలెను, ఎట్టిదై యుండవలెను అను ప్రశ్నకు సమాధానము కనుగొనుటకు మానవజాతికి చాల కాలము పట్టినది. ఆ సమాధానమునకు వెలగా లెక్కలేనన్ని ప్రాణములు పోయినవి. ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేయుటయే యీ ప్రసంగము యొక్క ఉద్దేశము.

నుయ్యి త్రవ్వు విద్య మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. 1922లో త్రవ్వకములు ఆరంభమైన మొహెంజొదారో నగరమున పెక్కు ఇండ్లలోను, వీథులలోను బావులు బయల్పడినవి. ఆ నగరమంతటను ఏడువందలకు పైగా బావులుండి యుండునని జర్మను పరిశోధకుడు మైకేల్ యాన్సెన్ అంచనా కట్టినాడు. వాని కట్టుబడిలో ఒక విశేషము కలదు. ఆ ఇటుకలు ఒక కొన వెడల్పుగను, రెండవ కొన సన్నముగను చేయబడినవి. సన్నని కొన లోపలికి వచ్చునట్లు గుండ్రముగా పేర్చినచో, చుట్టునున్న మట్టి లోనికి త్రోసినకొలదియు ఇటుకలు ఒకదాని నొకటి బిగించుకొనునే గాని కూలవు. ఆ యిండ్లలో స్నానపు గచ్చులుండెను. వాడిన నీరు వీథిలోని ఇటుక కాలువలలోనికి పోవు ఏర్పాటుండెను. మన ప్రాంతమునకు వత్తుమేని, కరీంనగరమునకు సమీపమున పెద్దబంకూరులో శాతవాహనుల నాటి ఇటుక బావులును, కాల్చిన మట్టి ఒరలతో దింపిన బావులును బయల్పడినవి. నేడు సిమెంటు ఒరలు దింపు పనివాడు చేయునది రెండువేల యేండ్ల నాటి పనియే.

నీరెక్కడ పడునో కనుగొనుటను గూర్చియు మన పెద్దలు శ్రద్ధతో ఆలోచించిరి. క్రీస్తుశకము ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళ మను పేర ఒక అధ్యాయమంతయు దీనికే కేటాయించినాడు. చెట్టును, పుట్టను, మట్టి రంగును, రాతి జాతిని చూచి జల యెంత లోతున నున్నదో చెప్పు లక్షణములు అందు కలవు. నేరేడు చెట్టునకు తూర్పున దగ్గరగా పుట్ట యున్నచో, దాని దక్షిణ భాగమున రెండు పురుషుల లోతున తీయని నీరుండునని అందొక మాట. చేతులెత్తి నిలిచిన మనిషి యెత్తు ఒక పురుష ప్రమాణము. ఇందులో కొంత నమ్మకమున్నను, కొంత నిశితమైన పరిశీలన కూడ నున్నది. చెదపురుగు తడి లేని చోట బ్రతుకజాలదు. కొన్ని వృక్షముల వేళ్లు నీటి జాడ వెదకుచు పోవును. అదే అధ్యాయమున నీటిని తేర్చుటకు చిల్లగింజ మొదలైన ద్రవ్యములు చెప్పబడినవి. బురద నీటి కడవలో చిల్లగింజ అరగదీసి కలుపు అలవాటు మన పల్లెలలో నిన్నమొన్నటి వరకు నుండెను.

ఇక నూతికిని మురుగునకును గల సంబంధమును రాజనీతి గ్రంథమొకటి స్పృశించినది. 1909లో మైసూరులో శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయ అర్థశాస్త్రమున, గృహనిర్మాణమునకు సంబంధించిన నియమములలో, పెంటకుప్పయు, నీటి తూమును, నుయ్యియు ఇంటికి ఉచితమైన తావుననే గాని మరియొక చోట నుండరాదని చెప్పబడినది. పురిటింటి గోతికి మాత్రము పది దినముల వరకు మినహాయింపు. ఈ నియమము వైద్యప్రకరణములో లేదు. ఇరుగుపొరుగుల తగవులను తీర్చు ధర్మస్థీయములో నున్నది. ఒక యింటి మురుగు పొరుగింటి వ్యవహారము కూడ అని ఆ గ్రంథకర్త గ్రహించినాడు. ఈ మాటను శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెనని ప్రార్థన. కడపట దీని అవసరము మరల కలుగును.

పూర్వము మన పల్లెలలో మరుగుదొడ్డి గోతులు అరుదు. జనులు ఊరి వెలుపలికి పోయెడివారు. కావున నూతికిని గోతికిని దూరమెంత యను ప్రశ్న పుట్టలేదు. అంతమాత్రమున బావులు నిర్మలముగా నుండెనని అనుకొనరాదు. వాన కురిసినప్పుడు ఊరి చుట్టునున్న మాలిన్యము కొట్టుకొనివచ్చి గట్టులేని నూతిలో పడెడిది. దిగుడు బావులలో జనులు మెట్లు దిగి, మోకాటి లోతు నీటిలో నిలిచి కడవలు ముంచుకొనెడివారు. నారికురుపు అను భయంకరమైన వ్యాధి వ్యాపించుటకు ఇదియే మార్గము. కాలిపుండు నుండి వెలువడిన పురుగు పిల్లలు నీటిలో పడును. వానిని కంటికి కనబడీ కనబడని నీటిపురుగు మింగును. ఆ నీటిని వడగట్టక త్రాగినవాని శరీరమున ఒక యేడాదికి మూరెడుకు మించి పొడవైన పురుగు పెరిగి చర్మమును చీల్చుకొని బయటికి వచ్చును. ఆంధ్రదేశము కూడ ఈ వ్యాధికి గురియైన ప్రాంతములలో నొకటి. ప్రభుత్వము దిగుడు బావుల మెట్లు మూసి చేదబావులుగా మార్చుట, చేతిపంపులు వేయుట, నీటిని గుడ్డతో వడగట్టుట నేర్పుట అను పనులను పట్టుదలతో సాగించినది. 1996 తరువాత దేశమున ఒక్క రోగియు కనబడలేదు. 2000 సంవత్సరమున భారతదేశము నారికురుపు లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. మందు లేని వ్యాధిని బావి కట్టుబడిలోని మార్పు జయించినది.

బావి చరిత్రలో మరియొక మచ్చ కూడ కలదు. ఊరిలోని మంచినీళ్ళ బావి ఊరందరిది కాకపోయెను. కొందరు గిలక ముట్టరాదు. ఎవరైన దయదలచి పోయువరకు కడవతో దూరముగా నిలువవలెను. ఆ దూరము ఆరోగ్యమునకై ఏర్పడినది కాదు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునైదవ అధికరణములో బావులను, చెరువులను, స్నానఘట్టములను పేరుపేరున పేర్కొని, వాని వాడుకలో కులమును బట్టి ఎవరిని అడ్డగింపరాదని శాసించినది. ఒక దేశపు మూలశాసనమున నుయ్యి యను మాట చోటు చేసికొనుటను బట్టియే దాని ప్రాముఖ్యము తెలియుచున్నది.

నూతికి గొయ్యి ఎంత కీడు చేయగలదో మొట్టమొదట నిరూపింపబడినది లండను నగరమున. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఆ నగరపు ఇండ్ల క్రింద మలమును నిలువజేయు ఇటుక గోతులుండెను. వీథులలోని చేతిపంపులు లోతులేని బావుల నుండి నీటిని తోడెడివి. కలరా వ్యాధి దుర్వాసన వలన, చెడుగాలి వలన వచ్చునని ఆనాటి వైద్యులలో అనేకుల విశ్వాసము. జాన్ స్నో అను వైద్యుడు మాత్రము అది నీటి వలన వచ్చునని వాదించెను. 1854 ఆగస్టు చివర సోహో ప్రాంతములోని బ్రాడ్ వీథి చుట్టును కలరా విజృంభించినది. కొద్ది వారములలో ఆరువందలకు పైగా జనులు మరణించిరి. స్నో ఇల్లిల్లు తిరిగి, చనిపోయినవారు ఏ పంపు నీరు త్రాగిరో విచారించెను. అందులో పెక్కుమంది బ్రాడ్ వీథి పంపు నీరు త్రాగినవారే. ఆయన మాటపై సెప్టెంబరు 8వ తేదీన స్థానికాధికారులు ఆ పంపు పిడిని తొలగించిరి. అప్పటికే వ్యాధి తగ్గుముఖము పట్టి యుండెను గనుక ఆ చర్య యొక్క ఫలితము ఎంతయని నేటికిని చెప్పుట కష్టము.

కాని అసలు సంగతి తరువాత తేలినది. హెన్రీ వైట్‌హెడ్ అను మతాచార్యుడు మొదట స్నో వాదమును నమ్మలేదు. దానిని ఖండింపవలెనని విచారణ మొదలుపెట్టి, తుదకు దానినే బలపరచినాడు. పంపు నెదుటనే యున్న 40వ నంబరు ఇంటిలో ఒక పసిపాప, అందరికంటె ముందుగా, విరేచనములతో జబ్బుపడెను. తల్లి బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని ఇంటి ముందరి గోతిలో పోసినది. 1855లో ఆ గోతిని త్రవ్వి చూడగా, దాని ఇటుకలు కట్టు వదలి యున్నవి. దానికిని బావికిని నడుమ నున్న దూరము మూడడుగుల కంటె తక్కువ. నడుమ నున్న మట్టి అంతయు మురుగుతో నానియుండెను. ఆ తల్లి చేసిన పని ప్రపంచమున ఏ తల్లియైనను చేయునదియే. తప్పు ఆమెది కాదు. గోతిని అచ్చట కట్టినవారిది. ఇంటి పటము గీయునప్పుడు చేసిన పొరపాటు, ఇల్లు కట్టినవారు గతించిన తరువాత కూడ ప్రాణములు తీయగలదని ఆ వీథి లోకమునకు నేర్పినది.

జాన్ స్నో ఊహించిన విషక్రిమిని స్పష్టముగా చూపినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్. ఆయన 1883లో ఈజిప్టునకును, అటనుండి కలకత్తాకును వచ్చి, 1884 ఆరంభమున కలరా క్రిమిని వేరుచేసితినని ప్రకటించెను. కలకత్తాలో జనులు స్నానమునకును, పానమునకును వాడుకొను ఒక కుంట నీటిలోనే ఆయనకు ఆ క్రిమి కనబడినది. తెలంగాణమున గత్తర యనియు, కోస్తాలో వాంతిభేది యనియు జనులు భయపడి, అమ్మవారికి మ్రొక్కుకొన్న మహమ్మారి దారి అప్పటికి తెలిసినది. అది గాలిలో ఎగిరి వచ్చుట లేదు. కడవలో కూర్చుండి ఇంటికి వచ్చుచున్నది.

ఇంతలో గోతిని బాగుచేయు యత్నములు కూడ సాగినవి. 1860 ప్రాంతమున ఫ్రాన్సులోని వెసూల్ పట్టణమున జాఁ లూయీ మూరా అను నతడు ఇంటి మురుగును గాలి చొరని తొట్టిలోనికి మళ్లించెను. కొన్నేండ్ల తరువాత తెరచి చూడగా, అనుకొన్నంత గట్టి మలినము అందులో లేదు. అధికభాగము నీరై కరగిపోయి యుండెను. 1881లో అతడు దానికి పేటెంటు పొందెను. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరమున డోనాల్డ్ కామెరాన్ అను ఇంజనీరు అట్టి తొట్టినే మెరుగుపరచి, దానికి సెప్టిక్ ట్యాంకు అను పేరు పెట్టెను. సెప్టిక్ అనగా క్రుళ్లించునది. గాలి లేని చోట బ్రతుకు సూక్ష్మజీవులు ఆ తొట్టిలో మలినమును క్రుళ్లించి తినివేయును. మన దేశమునకును ఈ విద్య త్వరగానే వచ్చినది. 1897 ప్రాంతమున బొంబాయిలోని మాతుంగ కుష్ఠురోగుల ఆశ్రమమున, మురుగు తొట్టి నుండి వెలువడు వాయువును దీపములకు వాడిరి. నేటి గోబర్ గ్యాసునకు అది పూర్వరంగము వంటిది.

సెప్టిక్ ట్యాంకును గూర్చి ఒక అపోహ నేటికిని తొలగలేదు. దాని నుండి బయటికి వచ్చు నీరు తేరినట్లు కనబడును గనుక పరిశుద్ధమైనదని పలువురు తలంతురు. అది పొరపాటు. తొట్టిలో బరువైనది అడుగున దిగును. జిడ్డు పైన తేలును. నడిమి నీరు బయటికి పోవును. ఆ నడిమి నీటిలో రోగక్రిములు సజీవముగానే యుండును. వానిని చంపునది తొట్టి కాదు. ఆ తరువాత నున్న మట్టి. ఆ నీటిని ఇంకుడు గుంతలోనికో, నేలలో పరచిన గొట్టములలోనికో వదలినప్పుడు మట్టి దానిని వడకట్టును. మట్టిరేణువుల సందులలో క్రిములు చిక్కుకొని, ఆహారము లేక, కాలక్రమమున నశించును. తొట్టి కట్టి దాని నీటిని వీథి కాలువలోనికి వదలుట సగము పని చేసి, మిగిలిన సగమును పొరుగువారి నెత్తిన వేయుటయే.

మట్టి ఎంత దూరములో ఈ పని పూర్తిచేయును? ఈ ప్రశ్న ఇరువదవ శతాబ్ది మొదటి భాగమున ఉష్ణదేశములలో ప్రాముఖ్యము వహించినది. కొంకిపురుగు వ్యాధిని అరికట్టుటకై 1920 తరువాతి సంవత్సరములలో మద్రాసు రాజధానిలో రాక్‌ఫెల్లర్ సంస్థ సహాయముతో ప్రచారము జరిగినది. జావాలో వాడుకలోనికి వచ్చిన బోరు మరుగుదొడ్డి, అనగా సన్నగా లోతుగా తొలిచిన గొయ్యి, మన దేశమునకును ప్రాకినది. అది చవుక; కట్టుబడి సులభము. కాని లోతుగా త్రవ్విన గొయ్యి భూగర్భజలమును తాకినచో ఏమగును? 1937 ప్రాంతమున అమెరికాలోని అలబామా రాష్ట్రమున కాల్డ్‌వెల్, పార్ అను పరిశోధకులు అట్టి గోతి చుట్టును పరీక్షా బావులు వేసి నీటిని పలుమార్లు పరిశీలించిరి. క్రిములు నీటి వాలు వెంబడి కొంత దూరము పోయి, మట్టి సందులు పూడుకొనినకొలదియు వెనుకకు తగ్గినవి. రసాయనిక మాలిన్యము మాత్రము అంతకంటె చాల దూరము పోయినది. కావున మట్టి క్రిములను ఆపగలదు; ఉప్పు వలె కరగిన దానిని ఆపజాలదు.

ఆ రెండవ ప్రమాదము ఎట్టిదో 1945లో తెలిసినది. అమెరికాలోని అయోవా రాష్ట్రమున హంటర్ కామ్లీ అను వైద్యుడు, పల్లెటూరి బావి నీటితో పాలు కలిపి పట్టిన పసిబిడ్డలు నీలివర్ణము దాల్చుటను వర్ణించెను. ఆ నీటిలోని నైట్రేటు బిడ్డల రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించినది. నైట్రేటు మలము నుండియు, పశువుల పెంట నుండియు, ఎరువుల నుండియు నీటిలో చేరును. నీటిని కాచినచో క్రిములు చచ్చును గాని నైట్రేటు పోదు. నీరు ఆవిరియైనకొలదియు మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో అది లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించరాదు.

స్వాతంత్ర్యానంతరము 1952 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమాజ వికాస పథకముతో పల్లెల పారిశుద్ధ్యము ప్రభుత్వ కార్యక్రమమైనది. ఆ దశాబ్దములోనే ఢిల్లీ సమీపమున నజఫ్‌గఢ్, మద్రాసు సమీపమున పూనమల్లి, బెంగాలున సింగూరు కేంద్రములుగా పరిశోధనలు జరిగి, కొద్ది నీటితో పనిచేయు, నీటి బంధనము గల చవుక మరుగుదొడ్లు రూపొందినవి. 1963లో భారత ప్రమాణ సంస్థ సెప్టిక్ ట్యాంకుల నిర్మాణమునకు నియమావళి ప్రకటించినది. 1970లో బిందేశ్వర్ పాఠక్ బీహారులో స్థాపించిన సులభ్ సంస్థ రెండు గోతుల మరుగుదొడ్డికి విశేష ప్రచారము చేసినది. ఒక గొయ్యి నిండగనే రెండవ దానికి మళ్లింతురు. మొదటి దానిలోనిది కాలక్రమమున వాసన లేని ఎరువగును. 2014లో స్వచ్ఛ భారత్ ఆరంభమైన తరువాత గ్రామములలో మరుగుదొడ్ల సంఖ్య వేగముగా పెరిగినది. సంతోషింపదగిన విషయమే. కాని గోతులు పెరిగినకొలదియు నూతికిని గోతికిని నడుమ నేల తగ్గుచున్నదను సంగతిని మరువరాదు.

మన నియమావళి ప్రకారము ఇంకుడు గుంత త్రాగునీటి బావికి 18 మీటర్ల కంటె దగ్గరగా నుండరాదు; నివాసగృహమునకు 6 మీటర్ల కంటె దగ్గరగా నుండరాదు. పదునెనిమిది మీటర్లనగా సుమారు 59 అడుగులు. ఇది మట్టినేలకు చెప్పిన లెక్క. సన్నని ఇసుక, మట్టి కలిసిన చోట నీరు మెల్లగా నడచును. వడపోత చక్కగా జరుగును. గోదావరి, కృష్ణా డెల్టాలలో మట్టి మంచిదే గాని, వానకాలమున నీరు దాదాపు నేలమట్టమునకు వచ్చును. అప్పుడు గొయ్యి నీటిలోనే మునిగియుండును. అట్టి చోట గోతిని లోతుగా గాక పైకెత్తి, అడుగునకును నీటిమట్టమునకును నడుమ పొడినేల మిగులునట్లు కట్టవలెను. రాయలసీమ, తెలంగాణ ప్రాంతములలో పరిస్థితి వేరు. కొలది అడుగుల మట్టి క్రింద రాయి యుండును. రాతి పగుళ్లలో నీరు వడగట్టబడదు. గొట్టములో వలె పరుగెత్తును. అచ్చట ఎన్ని అడుగులు కొలిచినను నిశ్చింతగా నుండుటకు వీలులేదు.

1966–67 నాటి బీహారు కరవు తరువాత గట్టిరాతిని తొలుచు యంత్రములు మన దేశమున విరివిగా దిగినవి. అటుపిమ్మట బోరుబావియు, చేతిపంపును పల్లెపల్లెకును వచ్చినవి. బోరు లోతైనది గనుక నీరు శుద్ధమైనదని జనుల నమ్మకము. బోరు గొట్టము పైభాగమున మట్టిలోనికి సరిగా దిగి, చుట్టును సిమెంటుతో బిగింపబడి యున్నచో ఆ నమ్మకమునకు కొంత ఆధారముండును. లేనిచో పైమురుగు గొట్టము వెంబడి నేరుగా క్రిందికి జారును. మరియు లోతు నీటికి దాని చెరుపు దానికున్నది. 1937లోనే, నాటి నెల్లూరు జిల్లాలో, నేటి ప్రకాశం ప్రాంతమున, నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగిపోవు వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ జిల్లా ప్రజలు ఆ బాధను తరతరములుగా అనుభవించిరి. పటికయు, సున్నమును కలిపి ఫ్లోరైడును తొలగించు పద్ధతికి శాస్త్రలోకమున నల్లగొండ పద్ధతి యను పేరే నిలిచినది. 2016లో తెలంగాణమున మిషన్ భగీరథ, 2019లో దేశమంతటను జల జీవన్ మిషన్ ఆరంభమై కుళాయి నీరు ఇండ్లకు చేరుచున్నది. అయినను కుళాయి రాని పూట చేయి చాచునది ఇంటి బావి వైపే.

ఈ చరిత్ర యంతయు ఇల్లు కట్టబోవు గృహస్థునకు చెప్పునది ఏమి? ఇల్లు కట్టి చూడు మన్నారు పెద్దలు. కాని ఇంటికంటె ముందు నీటిని చూడవలెను. మొదట నుయ్యి యెక్కడో నిర్ణయించి, దానినుండి కొలిచి గోతిని నిర్ణయించి, మిగిలిన చోట ఇంటిని అమర్చుట మంచి క్రమము. గోడలు లేచిన తరువాత గోతికి చోటు వెదకుట ఇల్లంటుకొన్న తరువాత నుయ్యి త్రవ్వుట వంటిది. నేల వాలు ఎటున్నదో వానకాలమున చూడవలెను. నుయ్యి మెట్టన, గొయ్యి పల్లమున నుండవలెను. నూతికి నడుము ఎత్తున గట్టు, చుట్టును బయటికి వాలిన గచ్చు, గచ్చు మీది నీటిని దూరముగా తీసికొనిపోవు కాలువ ఉండవలెను. పైనుండి సుమారు మూడు మీటర్ల లోతు వరకు గోడ నీరు చొరని కట్టుబడి కావలెను. అప్పుడు నూతిలోనికి వచ్చు నీరు అంత మట్టిని దాటియే రావలెను. ఐదుగురు గల కుటుంబమునకు ఒకటిన్నర మీటర్ల పొడవు, ముప్పాతిక మీటరు వెడల్పు, నీరు ఒక మీటరు లోతు నిలుచు తొట్టి సరిపోవును. ఏడాదికో, రెండేండ్లకో అడుగు మడ్డిని తీయింపవలెను. తొట్టి అంతకంటె మిక్కిలి చిన్నదైనచో మలినము దిగుటకు వ్యవధి చాలదు.

వరద వచ్చినప్పుడు గాని, ఊరిలో విరేచనములు వ్యాపించినప్పుడు గాని నూతిలో బ్లీచింగు పొడి వేయవలెను. వేయి లీటర్ల నీటికి సుమారు రెండున్నర గ్రాములు మంచి పొడి చాలునని సామాన్య లెక్క. రెండు మీటర్ల అడ్డుకొలత గల నూతిలో మూడు మీటర్ల నీరున్నచో, అది సుమారు 9,400 లీటర్లు. దానికి 24 గ్రాముల పొడి. నీరు మురికిగా నున్నచో మోతాదు పెరుగును గనుక ఆరోగ్య కార్యకర్తను సంప్రదించుట మేలు. పొడిని బాల్చీలో కలిపి, సున్నపుమడ్డిని వదలి, పైతేటను నూతిలో దింపి చేదతో పలుమార్లు కలియబెట్టవలెను. ఒక గంట గడచువరకు ఆ నీటిని త్రాగరాదు.

తొట్టిని గూర్చి మరియొక హెచ్చరిక చెప్పక తప్పదు. మూసిన తొట్టిలో పుట్టు విషవాయువు మనిషిని క్షణములలో స్పృహ తప్పించును. లోపల పడినవానిని పట్టుకొనుటకు దిగిన రెండవవాడును, మూడవవాడును చనిపోయిన ఉదంతములు మన పత్రికలలో తరచుగా వచ్చుచునే యున్నవి. చేతులతో మలమెత్తు వృత్తిని నిషేధించుచు 1993లో ఒక చట్టమును, 2013లో అంతకంటె కఠినమైన చట్టమును వచ్చినవి. రక్షణ సాధనములు లేక మనిషిని సెప్టిక్ ట్యాంకులోనికి దింపించుట ఈ రెండవ చట్టము ప్రకారము నేరము. కావున తొట్టి కట్టునప్పుడే యంత్రపు బండి దాని దగ్గరకు రాగల దారి విడువవలెను. మనిషి దిగ నవసరము లేకుండ మూతలు అమర్చవలెను. మన యింటి శుభ్రతకై మరియొకరి ఇంటి దీపము ఆరరాదు.

ఇప్పుడు కౌటిల్యుని మాటకు మరల వత్తము. ముప్పది అడుగుల వెడల్పును, అరువది అడుగుల పొడవును గల రెండువందల గజముల స్థలమును తీసికొందము. ఒక చివర నుయ్యి, మరియొక చివర ఇంకుడు గుంత పెట్టినచో 59 అడుగుల నియమము అతికష్టము మీద నెరవేరును. కాని ప్రక్కయింటివారు వాస్తు ననుసరించియో, వీలును బట్టియో తమ గోతిని ముందు వాకిట త్రవ్విరనుకొనుడు. అది మన నూతికి ముప్పది అడుగుల లోపుననే యుండవచ్చును. మన కొలతలన్నియు వ్యర్థము. నేలపై ప్రహరీగోడ కట్టుకొనవచ్చును గాని, నేల క్రింది నీటికి గోడ లేదు. ఆ నీటికి ఇంటి నంబరు తెలియదు, కులము తెలియదు, దస్తావేజు తెలియదు.

కాబట్టి ఈ పని ఒక్క గృహస్థుని వలన అగునది కాదు. ఒక వీథిలోని కుటుంబములన్నియు కూర్చుండి, నూతులన్నియు ఒక వరుసను, గోతులన్నియు మరియొక వరుసను ఉండునట్లు ఒడంబడిక చేసికొనవలెను. స్థలములు మరీ చిన్నవైన చోట ఇంటింట నుయ్యి మాని, ఎగువన ఒక మంచి బావిని అందరును కలసి కాపాడుకొనుట మేలు. గ్రామ పంచాయతీ క్రొత్త ఇండ్ల స్థలములను పంచునప్పుడే ఈ పటమును గీయవచ్చును. దానికి ఖర్చు కాగితమును, ఒక పూట ఆలోచనయు మాత్రమే. బ్రాడ్ వీథిలోని ఆ గోతిని మూడడుగుల దూరమున కట్టినవారికి ఈ చరిత్ర తెలియదు. మనకు తెలిసినది. తెలిసిన పిమ్మట, మన పిల్లలును పొరుగువారి పిల్లలును ఒకే నేల నుండి నీరు త్రాగుచున్నారను మాటను మనసున నుంచుకొని పలుగు పట్టుట మన విధి.